సన్నరాత వస్తే పెళ్లి వద్దు

మన సంస్కృతిలో ప్రేమకు చోటు లేదని సభలెక్కి చెప్పే పెద్దమనిషీ, ఆ సంస్కృతి రాసిపెట్టిన తాటాకుల్లో ఒక్కదాన్నయినా మీరు విప్పి చదివారా? చదవలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చదవలేదు. చదవకుండానే మీరు దాన్ని పొగిడారు, చదవకుండానే నేను దాన్ని తిట్టాను. ఇద్దరికీ చప్పట్లు బాగానే పడ్డాయి. తొంభైల చివర్లో చేసిన ఒక చిన్న ప్రయాణం తర్వాత ఆ చప్పట్ల మీద నాకు మోజు తగ్గింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మ్యాపులో వేలెడంత దూరం. ఆ వైపు వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మదనపల్లె

మాది తెనాలి. మా ఊళ్లో ఆగస్టు నెలలో కూడా చొక్కా వీపుకు అతుక్కునే ఉంటుంది. మదనపల్లెలో బస్సు దిగేసరికి చల్లగాలి కొట్టింది. ఆ చలిలో ఆటోవాళ్లు మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. ఎటు చూసినా టమాటాలే. లారీల్లో, ఎద్దుబండ్లలో, సైకిళ్ల మీద, చివరికి ఒక పెళ్లి ఊరేగింపు కారు డిక్కీలో కూడా. ఆ వారం ధర పడిపోయిందట. మా ఊళ్లో కిలోకి ఇచ్చే డబ్బుకు ఇక్కడ బుట్టెడు ఇస్తామన్నారు. కొనేవాడు లేడు. హోటల్లో దోసెతో టమాటా చట్నీ, అన్నంలోకి టమాటా పప్పు, టమాటా చారు, నంజుకోవడానికి టమాటా ఊరగాయ పెట్టారు. మజ్జిగ ఒక్కటే తెల్లగా మిగిలింది.

నన్ను పిలిచింది మూఢనమ్మకాల మీద మాట్లాడమని. గంటకు పైగా మాట్లాడాను. బల్లిపాటును, వాస్తును, తాయెత్తులను వరసగా చీల్చి చెండాడాను. జనం హుషారుగా విన్నారు. సభ అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. పేరు హేమలత, జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్, ఊరు పుంగనూరు.

"సార్, తాయెత్తు కట్టుకున్నోళ్లను తిట్టడం సులువే," అంది. "మా ఇంట్లో తాటాకులు ఉండాయి. నా పెండ్లి వద్దనినాయి. వాటిని ఏం చేస్తారో చెప్పండి."

సంగతి ఇది. వాళ్ల ఇంట్లో తరతరాలుగా ఒక తాటాకుల కట్ట ఉంది. పట్టుగుడ్డలో చుట్టి దేవుడి దగ్గర పెడతారు. పెళ్లి సంబంధం వస్తే, సోమవారం తలంటుకుని, ఇంటి పెద్ద పసుపు నూలుపోగు ఒకటి ఆ కట్టలోకి దూరుస్తాడు. నూలు ఆగిన ఆకును పైకి తీసి చూస్తారు. చదవరు, చూస్తారంతే. అక్షరాలు లావుగా ఉంటే పెళ్లి సరే. సన్నగా ఉంటే వద్దు. హేమ ప్రేమించిన అబ్బాయి మునిచంద్ర. బ్యాంకులో గుమాస్తా. అతని విషయం ఇంట్లో చెబితే నాన్న నూలు వేశాడు. సన్నరాత వచ్చింది.

"మునిచంద్రకు ఈ నెలాఖరుకు కర్నూలుకు బదిలీ," అంది. "నాయన ఒప్పుకోకపోతే లేచిపోతాననుకునేరు. పోను. నేను దొంగతనం చేయడంలే గదా. ఆయన్ని ఒప్పించాల. పుంగనూరుకు వస్తారా?"

అట్లా అడిగితే తెనాలివాడు ఆగుతాడా?

పుంగనూరు

పుంగనూరు ఆవును చూడందే ఆ ఊరి గురించి రాయకూడదు. హేమ వాళ్ల ఇంటి ముందు ఒకటి కట్టేసి ఉంది. నడుం ఎత్తు కూడా లేదు. దూడ అనుకుని దాని తల నిమిరి, "తల్లి ఎక్కడ?" అన్నాను. "అదే తల్లి, మూడు ఈతలు ఈనింది," అంటూ గడప మీద నుంచి ఒకావిడ నవ్వింది. ఆమె హేమ అమ్మ, నాగవేణమ్మ. కాళ్లకు నీళ్లిచ్చి, పేరు కూడా అడక్కుండా పీట వేసి కూర్చోబెట్టింది. మా వైపు ముందు ఊరు, ఇంటిపేరు, తర్వాత నైసుగా కులం అడిగి ఆపైన మంచినీళ్లు ఇస్తారు. ఇక్కడ వరస తిరగేశారు. కులం అడగడం మాత్రం మానలేదు. సంగటి ముద్ద సగం తిన్నాక అడిగారు.

ఆ సంగటి గురించి చెప్పాలి. రాగి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన వేరుశనగ గింజలు నూరిన పచ్చడి, ఊరుబిండి పెట్టారు. నేను ముద్దను నమలబోయాను. ఇంట్లో వాళ్లంతా చేతులు ఆపి నన్ను చూశారు. మింగాలట. నమిలేవాడిని ఆ ఊళ్లో చంటిపిల్లాడి కింద లెక్క కడతారు.

హేమ నాన్న సుబ్బరాయప్పకు బజారులో బట్టల కొట్టు ఉంది. మెత్తని మనిషి, మాట మాత్రం గట్టిది. నేను భోజనం అవగానే ఉపన్యాసం మొదలుపెట్టాను. గ్రహాలు, సంభావ్యత, నూలుపోగు ఎక్కడ ఆగుతుందో నిర్ణయించే ఘర్షణ. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీరు సెప్పేది బాగుండాది సార్," అన్నాడు చివరికి. "ఆకు మాత్రం వద్దనింది."

నేను గొంతు పెంచాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవు అరిచింది. నాగవేణమ్మ వక్కాకు పళ్లెం తెచ్చి మా మధ్యలో పెట్టి, నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"మా పెండ్లికి మా అత్త నూలు వేస్తే సన్నరాతే వచ్చిందప్పా. మళ్లీ వేసింది. మళ్లీ అదే. ఇంగ లావురాత వచ్చేదాకా వేస్తానే ఉన్నింది. నేను తెల్లగా ఉండానని ఆమెకు మోజు."

"ఆ మాట యాల ఇప్పుడు?" అన్నాడు సుబ్బరాయప్ప కళ్లు తెరిచి.

"ఊరికే సెప్తాండా. సార్ దూరం నుంచి వచ్చినాడు గదా."

ఆ ఇంట్లో నాకంటే మంచి వాది ఉందని అప్పుడు అర్థమైంది. నేను ఉపన్యాసం ఆపి, ఆయనను ఒక్కటే అడిగాను. "మీ కొట్లో సరుకు మీద వచ్చిన కాగితాన్ని చదవకుండా సంతకం పెడతారా?"

"పిచ్చోడినా?"

"మరి బిడ్డ పెళ్లి ఆపిన ఆకు మీద ఏం రాసుందో చదవకుండా ఎలా ఒప్పుకున్నారు?"

ఆయన చాలాసేపు వక్క నమిలాడు. "మంత్రాన్ని సదవకూడదంటారు," అన్నాడు.

"ఎవరు?"

"చదవడం రానోళ్లు," అంది హేమ గుమ్మంలోంచి.

కుప్పంలో కమలాబాయి అనే రిటైరైన తెలుగు టీచరు పాతరాతలు చదువుతుందని హేమ కనుక్కుని పెట్టుకుంది. కట్టను ఇంకొకరి చేతికివ్వనని, తానే తీసుకొస్తానని సుబ్బరాయప్ప షరతు పెట్టాడు. నూలు ఆగిన ఆకు దగ్గర ఆ నూలు అట్లాగే ఉంచి కట్ట కట్టాడు. హేమ కాలేజీకి సెలవు పెట్టి కొట్లో కూర్చుంటానంది. అక్కడే ఫోను ఉంది.

దారిలో

బస్సులో సుబ్బరాయప్ప కట్టను పక్క సీట్లో పెట్టాడు. కండక్టరు వచ్చాడు.

"ఏమప్పా ఆ మూట?"

"దేవుడు."

"దేవుణ్ణి ఒళ్లో పెట్టుకో. సీట్లో యాల?"

"ఒళ్లో పెట్టుకుంటే కాలు తగుల్తాది. టికెట్టు తీసుకుంటా, కొట్టు."

"ఎన్నేండ్లు?"

"ఐదారు నూర్లు ఉంటాయనుకుంటా."

"అయితే ఫుల్ టికెట్టే," అని కండక్టరు చించి ఇచ్చాడు. ఆయన నవ్వలేదు, ఈయనా నవ్వలేదు. బస్సంతా నవ్వింది.

పలమనేరు దగ్గర బస్సు మారాం. కిటికీలోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక చంటిపిల్ల చెప్పు సీట్ల మీదకు వచ్చి పడ్డాయి. ముందు వేసినవాళ్లదే సీటు. ఈ ఆచారం మా తెనాలిలోనూ ఉంది. దేశ సమైక్యత ఎక్కడుందో వెతికేవాళ్లు బస్టాండుకు రావాలి. మా నెత్తి మీద ఎవరిదో టమాటా బుట్ట. కొంత దూరం పోయాక ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. బుట్ట అడుగు విడిపోయి రసం నా తెల్లచొక్కా మీద కారింది. సుబ్బరాయప్ప కట్టకు అడ్డంగా పడుకున్నాడు. ఆకుల మీద చుక్క పడలేదు.

నా చొక్కాను తన కండువాతో తుడుస్తూ ఆయన మొదటిసారి మనసు విప్పాడు.

"నాకు ఆ పిల్లోని మింద కోపం లేదు సార్. మంచోడే. వాళ్ల నాయన మా చేన్లో శనక్కాయలు పీకినోడు. రేపు పెండ్లిలో ఆయన పక్కన కూర్సోవాల. ఎట్ల కూర్సునేది?"

"కుర్చీ మీద," అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. ఈసారి నవ్వాడు.

ఆకు వద్దన్నది అనే మాట వెనక ఎప్పుడూ ఒక మనిషి వద్దన్న మాట ఉంటుంది. మనిషి అంటే మనం ఎదురు వాదిస్తాం. ఆకు అంటే ఎవరూ వాదించరు. మూఢనమ్మకం ఉపయోగం అదే, పాపం భారం దాని మీద వేసేయొచ్చు.

కుప్పం

కుప్పంలో అంగడి బోర్డులు మూడు భాషల్లో ఉంటాయి. మనుషులు ఒకే వాక్యంలో మూడూ మాట్లాడతారు. కాఫీ కొట్టులో ఒకాయన తెలుగులో అడిగి, అరవంలో బేరమాడి, కన్నడంలో విసుక్కుని వెళ్లిపోయాడు. రెండు రూపాయల కాఫీ గ్లాసులో నురగ పైకి పొంగింది. మా ఊరి కాఫీని నేను ఇకపై పొగడబోను.

కమలాబాయి తలుపు తీసి నా చొక్కా వైపు చూసింది. "ఎవరన్నా కొట్టినారా మిమ్మల్ని?"

"హేతువాదిని అమ్మా. మామూలే," అన్నాను.

సుబ్బరాయప్ప కట్టను పీట మీద పెట్టి దండం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది, తర్వాత అద్దాలు పెట్టుకుంది. ఆకుల మీద పసుపు, నూనె, వందల పూజల మసి. నిమ్మగడ్డి నూనెలో దూది ముంచి మెల్లగా తుడిచింది. ముందు చివరి ఆకు తీసింది. నకలు రాసినవాడు తన మాట చివర్లో రాసుకోవడం వాడుక అట.

చదువుతూ ఆగింది. మళ్లీ చదివింది. "అప్పా, ఇది మంత్రం కాదు," అంది. "జాబులు. ఒకాయన, ఒకామె రాసుకున్న జాబులు. పాత ఆకులు చెదలు పట్టి పోతాంటే ఈ నకలు రాసినాయన ఏమంటాండాడంటే, ఆయన మాటలు లావుగా, ఆమె మాటలు సన్నగా రాసినాను, సదివేటోళ్లకు తికమక లేకుండా, అని."

తికమక లేకుండా ఉండాలని ఒక మనిషి వంగి కూర్చుని, కళ్లు పొడుచుకుని, రెండు రకాల రాతలు రాశాడు. మనవాళ్లు అందులోంచి ఔను, కాదు తయారుచేశారు. మగవాడు మాట్లాడిన ఆకు వస్తే పెళ్లి. ఆడది మాట్లాడిన ఆకు వస్తే అశుభం. ఉపన్యాసం నా గొంతు దాకా వచ్చింది. సుబ్బరాయప్ప మొహం చూసి మింగేశాను, సంగటిలాగా.

"మా అక్కకు రెండు తూర్లు సన్నరాత వచ్చింది," అన్నాడు ఆయన. "ఆమె ఇష్టపడిన పిల్లోడు మంచోడే. తర్వాత వేరే తావ ఇచ్చినాము."

కమలాబాయి మధ్యాహ్నం దాకా చదివింది. ఆమె చెప్పింది నాకు గుర్తున్నంతలో నేటి తెలుగులో చెబుతాను. ఏ కాలానిదో కచ్చితంగా తేల్చలేనంది. విజయనగర రాజుల కాలం నాటి మాటలు మాత్రం ఉన్నాయంది. జాబులు రాసినాయన తర్కం చదివిన శైవుడు. ఆమె గణితం చదివిన జైనుల ఇంటి మనిషి. ఏదో సభలో వాదం పడి ఆమె గెలిచింది. ఓడినవాడు జాబు రాశాడు, ఆమె వాదంలో మిగిలిన భాగం చెప్పమని. అక్కడ మొదలైంది. ఆయన ఆమెను సిద్ధాంతీ అని పిలుస్తాడు, అంటే వాదంలో చివరికి నిలిచే మాట చెప్పిన మనిషి. ఆమె ఆయనను పూర్వపక్షీ అని పిలుస్తుంది. పూర్వపక్షం అంటే వాదంలో ముందు నిలబెట్టి, తర్వాత పడగొట్టే మాట. ఇంతకంటే ముద్దు పేరు నేను వినలేదు.

శాస్త్రం సంస్కృతంలో సాగుతుంది. కోపం వస్తే తెలుగు. ప్రేమ వచ్చినా తెలుగే. మన ఇద్దరి మధ్య దూరం అనంతం అని ఆయన ఒక ఆకులో వాపోయాడు. ఆమె జవాబు: "అనంతం కాదు. రెండు పగళ్ల నడక. లెక్క తప్పుగా వేసి కన్నీళ్లు పెట్టుకోవద్దు." ఇంకో చోట ఆయన పంపిన నల్లబెల్లం బాగుందని, దానికి చుట్టిన పద్యం బాగాలేదని, ఈసారి బెల్లం ఒక్కటే పంపమని రాసింది. కమలాబాయి అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లు. సుబ్బరాయప్ప కూడా నవ్వుతున్నాడు, దేవుడి ముందు నవ్వినట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకుని.

"ఇంగ నూలు ఉండే ఆకు సదవమ్మా," అన్నాడు.

హేమ పెళ్లి వద్దన్న ఆకు. సన్నరాత. కమలాబాయి గొంతు సవరించుకుంది.

"మీ వాళ్లు నా మతం అడుగుతారని రాశావు. అడగనీ. నా లెక్కలు అడిగితే చెబుతాను, నా తర్కం అడిగితే చెబుతాను. మతం మార్చుకుని రమ్మంటే రాను. నువ్వు మార్చుకుని వచ్చినా ఒప్పుకోను, అప్పుడు నాతో వాదించేవాళ్లు ఎవరుంటారు? ఉన్నవాడివి ఉన్నట్టు రా. వానలు తగ్గాక దారి బాగుంటుంది."

"రమ్మంటాండాది," అన్నాడు సుబ్బరాయప్ప మెల్లగా.

"అవునప్పా. రమ్మనే."

"పొయినాడా ఆయన?"

ఆకుల్లో ఆ సంగతి లేదంది కమలాబాయి. సుబ్బరాయప్ప కట్ట వైపు వేలు చూపించాడు. "ఆయన రాసినవి ఆమె తావ ఉండాల, ఆమె రాసినవి ఆయన తావ ఉండాల. రెండూ ఒక్క కట్టలోకి ఎట్ల వచ్చినాయి? ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం పెట్టినట్టే గదా."

ఇది రుజువు కాదు, ఊహ. అయినా దాన్ని ఖండించడానికి నేను ప్రయత్నించలేదు.

ఎస్టీడీ బూతు

బజారులో ఎస్టీడీ బూతుకు వెళ్లాం. లైను బాగాలేదు, తండ్రీకూతుళ్లిద్దరూ అరుచుకోవాల్సి వచ్చింది. కాబట్టి వీధి మొత్తం విన్నది.

"హేమా, ఆకు సదివినారు. రమ్మనే ఉండాది అందులో. ఆ పిల్లోణ్ణి, వాళ్ల నాయన్ని ఆదివారం రమ్మను. ఆకు ఒప్పుకునింది."

నాకు సంతోషంతో పాటు ఒళ్లు మండింది. ఇంత చేసీ ఈయన ఆకు మాటే వింటున్నాడు. మూఢనమ్మకం పోలేదు, దిశ మార్చుకుంది. అవతలి నుంచి హేమ గొంతు గరగరలాడుతూ వచ్చింది.

"అట్లయితే నేను ఒప్పుకోను నాయనా."

సుబ్బరాయప్ప రిసీవరును చెవి నుంచి తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమంటాండావు?"

"ఆకు వద్దంటే వద్దు, ఆకు ఔనంటే ఔను. మధ్యలో నేను యాడుండాను? రేపు ఇంకో ఆకు వస్తే? ఆరు నెలల నుంచి నేను చెప్తాండా గదా. నన్ను అడగండి. అడిగినాక మీరు కాదన్నా సరే, నన్ను అడిగి కాదనండి."

మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెత్తుతున్నాయి. వెనక వరసలో నలుగురు నిలబడ్డారు. సైకిలు పట్టుకున్న పాలాయన ఒకడు, "సెప్పప్పా, బిడ్డ అడుగుతాండాది," అన్నాడు. బూతు యజమాని వాణ్ణి ఊరుకోమని సైగ చేశాడు.

కట్ట సుబ్బరాయప్ప చంకలో ఉంది. ఆయన దాన్ని తీసి నా చేతికిచ్చాడు. దారంతా ఎవరినీ ముట్టనివ్వని మనిషి. రెండు చేతులతో రిసీవరు పట్టుకున్నాడు.

"నీకేం గావాల హేమా," అన్నాడు. "నువ్వు సెప్పు. నేను వింటాండా."

ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. మాకు మాటలు అందలేదు, ఆమె ఇప్పుడు అరవడం లేదు. ఆయన మధ్యలో "ఊ" అన్నాడు, ఇంకోసారి "ఊ" అన్నాడు. ఒక్కచోట, "ఆయన పక్కనే కూర్సుంటాలే," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లెవరూ తొందర పెట్టలేదు.

నేను ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను. ఆ మనిషిని నా తర్కం కదిలించలేదు, ఆకూ పూర్తిగా కదిలించలేదు. బిడ్డను ఒక ప్రశ్న అడగడంతో ఆయన తనంతట తాను కదిలాడు.

ఇది చదువుతున్న అయ్యా, అమ్మా, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి బతుకు గురించి జాతకం, శకునం, పరువు, నలుగురూ అన్న మాట ఇలా అన్నిటినీ అడిగి ఉంటారు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి వెళ్లి, ఎవరి బతుకో వాళ్లనే అడగండి. అడిగాక, వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినండి.